పికప్ బండి సైలెన్సర్ పైపులో పాడైన ముక్కను మార్చే పద్ధతి

డీజిల్ పికప్ బండి సైలెన్సర్ పైపు ఒక్కరోజులో తెగిపోదు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంతకు ముందు లేని బొంగురు శబ్దం మొదలవుతుంది, కొన్నాళ్ళకు ఆ శబ్దం క్యాబిన్ అడుగు నుంచి వినిపిస్తుంది, ఆ తరువాత బండి ఆగి ఉన్నప్పుడు సీట్లో కూర్చున్నవాడికి పొగ వాసన తగులుతుంది. ఈ మూడో దశ వచ్చేదాకా నెట్టుకొచ్చేవాళ్ళే మన దగ్గర ఎక్కువ. మిర్చి సీజన్‌లో నర్సంపేట, పరకాల వైపు నుంచి బస్తాలు వేసుకొచ్చి, రాత్రి వరంగల్ ఏనుమాముల మార్కెట్ బయట వరుసలో ఇంజన్ నడుస్తుండగానే సీటు మీద కునుకు తీసే డ్రైవర్లు ఈ లీకును తేలిగ్గా తీసుకోకూడదు. డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెట్రోలు పొగలో కంటే తక్కువే అయినా, దానికి రంగూ వాసనా లేనందువల్ల మూసిన క్యాబిన్‌లో పేరుకుపోతున్నట్టు తెలియదు.

మూడేళ్ళ కిందట మా బండికి సైలెన్సర్ ముందున్న పైపు పగిలితే, ఒక వెల్డింగ్ షాపులో చిల్లు మీద రేకు ముక్క పెట్టి అతికించి పంపించారు. ఇరవై రోజులు తిరగకముందే ఆ రేకు పక్కనే, వేలెడు దూరంలో, మళ్ళీ పగిలింది. బండి కిందికి దూరి చూస్తే అసలు సంగతి బయటపడింది. సైలెన్సర్‌ను వెనకవైపు మోసే రబ్బరు ఎప్పుడో తెగిపోగా, దాని బదులు ఎవరో బైండింగ్ వైరు చుట్టి వదిలేశారు. రబ్బరు సాగుతుంది, వైరు సాగదు. ఇంజన్ ఊగిన ప్రతిసారీ ఆ ఊపంతా పైపు మీదే పడుతూ వచ్చింది. కాబట్టి కొత్త ముక్క సంగతి చూసే ముందు సైలెన్సర్ రబ్బర్లను, ఛాసిస్‌కు ఉన్న హుక్కులను, ఇంజన్ మౌంటింగులను, ముందుభాగంలో జాలీ అల్లికతో ఉండే ఫ్లెక్సిబుల్ పైపును ఒక్కొక్కటిగా చేత్తో కదిలించి చూడాలి. ఫ్లెక్సిబుల్ పైపు జాలీ చిరిగి ఉంటే దాన్ని అతికించి లాభం లేదు. వంగడమే దాని పని కనుక మొత్తంగా మార్చవలసిందే.

తుప్పు విషయానికి వస్తే, అది బయటి బురద వల్ల కంటే లోపలి తేమ వల్లే ఎక్కువగా పడుతుంది. ఒక లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుట్టి పొగతో కలిసి పోతుంది. దూరం నడిచే బండిలో పైపంతా వేడెక్కి ఆ ఆవిరి బయటికి వెళ్ళిపోతుంది గానీ, పొద్దున కూరగాయలు దించి రెండు కిలోమీటర్లలో ఇల్లు చేరే బండిలో అది చల్లారి నీరై పైపు వంపుల్లో, సైలెన్సర్ అడుగున నిలుస్తుంది. అందుకే పైనుంచి గట్టిగా కనిపించే పైపు కిందివైపు కాగితంలా పలచబడి ఉంటుంది. పెద్ద స్క్రూడ్రైవర్ పిడితో పైపు అడుగును వరుసగా తట్టుకుంటూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. చిల్లుకు రెండువైపులా ఖంగుమన్న చోటు దొరికాక, అక్కడి నుంచి మరో రెండు అంగుళాలు మంచి ఇనుములోకి జరిగి సుద్దముక్కతో గీత గీయాలి. కోత ఆ గీతల మీదే పడాలి. ఇనుము మిగిల్చుదామని చిల్లు దగ్గరగా కోస్తే, అతుకు చుట్టూ వేసే పట్టీ (క్లాంపు) బిగించగానే అంచు నలిగిపోతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 పొగ కాలుష్య ప్రమాణాలతో వచ్చిన బండి అయితే మరో జాగ్రత్త అవసరం. ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా ఉన్న దారిలో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు, వాటి ముందూ వెనకా వేడిని, పీడనాన్ని కొలిచే సెన్సర్లు ఉంటాయి. ఆ భాగంలో కోత పెట్టకూడదు. చివరి సెన్సర్ దాటిన తరువాతి పైపుకు మాత్రమే ఈ పద్ధతి పనికివస్తుంది. ఫిల్టరు తీసేసి ఖాళీ గొట్టం పెడితే మైలేజీ పెరుగుతుందని చెప్పేవాళ్ళు దొరుకుతారు. ఆ పని చట్టానికి విరుద్ధం, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం కూడా ఆరదు.

ఇక కొలత. ఇందులో తప్పు జరిగితే మిగతా పనంతా వృథా. బస్తాలు కుట్టే సుతిలిని పైపుకు చుట్టి కొలిచేవాళ్ళు ఉన్నారు గానీ, సుతిలి సాగుతుంది, దాని మందం కూడా కొలతలో కలుస్తుంది. దినపత్రిక అంచును వేలెడు వెడల్పున చించి, వైర్ బ్రష్‌తో తుప్పు గీకిన పైపు చుట్టూ బిగుతుగా తిప్పి, పొరలు కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి, విప్పి స్కేలు పక్కన పరిచి కొలవాలి. ఆ పొడవును 3.14తో భాగిస్తే పైపు వెలుపలి వ్యాసం వస్తుంది. కాగితం 16 సెంటీమీటర్లు చూపిస్తే వ్యాసం 51 మిల్లీమీటర్లు, అంటే బజారు భాషలో రెండు అంగుళాల పైపు. చుట్టుకొలతలో ఒక సెంటీమీటరు పొరపాటు వ్యాసంలో మూడు మిల్లీమీటర్లకు పైగా తేడా తెస్తుంది. ఒక పైపు మరో పైపులోకి ఎక్కకపోవడానికి అంత తేడా చాలు. పాత పైపు వెలుపలి వ్యాసం ఎంతో, కొత్త పైపు లోపలి వ్యాసం అంతే ఉండేలా, ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందంలో పైపు తీసుకోవాలి. తీసేసే ముక్క 40 సెంటీమీటర్లయితే, రెండువైపులా ఐదేసి సెంటీమీటర్లు పాత పైపు మీదికి ఎక్కాలి కనుక 50 సెంటీమీటర్ల ముక్క కావాలి. ఆటోనగర్‌లో సైలెన్సర్ పని చేసే షాపులవాళ్ళకు ఈ రెండు కొలతలు చెబితే కోసి ఇస్తారు.

ఇంట్లో బోరుబావికి వాడి మిగిలిన జీఐ పైపు ఉంది కదా అని దాన్ని వేయవద్దు. దాని మీది పూత జింకు. వెల్డింగు వేడికి ఆ జింకు తెల్లటి పొగగా లేచి, పీల్చినవాడికి అదే రోజు రాత్రి చలిజ్వరం తెప్పిస్తుంది. పైగా ఆ పైపు మందంగా, బరువుగా ఉండి రబ్బర్ల మీద భారం పెంచుతుంది. మామూలు ఇనుప పైపు చవక. స్టెయిన్‌లెస్ పైపు ఎక్కువ కాలం మన్నుతుంది గానీ, పాత ఇనుముకు దాన్ని అతకడానికి తగిన రాడ్డు, చేయి తిరిగిన వెల్డరు కావాలి.

బండి పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. చదునైన గట్టి నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, జాకీతో లేపిన తరువాత ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి బరువును వాటి మీదికి దించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరడం, ఇటుకలు పేర్చి దూరడం రెండూ ప్రాణం మీదికి తెస్తాయి. పైపు తిన్నగా ఉన్న చోట మార్పు అయితే, మనిషి సులువుగా దూరేంత ఎత్తున్న పికప్‌కు అసలు జాకీయే అవసరం ఉండకపోవచ్చు.

తుప్పు పట్టిన నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే సగం శ్రమ తప్పుతుంది. కోసే ముందు సైలెన్సర్ కింద చెక్క దిమ్మె ఆనించాలి, లేకపోతే కోత పూర్తయిన క్షణంలో దాని బరువంతా ముందువైపు ఫ్లెక్సిబుల్ పైపును లాగుతుంది. గ్రైండర్‌తో పని నిమిషాల్లో అవుతుంది గానీ, నిప్పురవ్వలు డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్ల వైపు పడకుండా తడి గోనెసంచి అడ్డుపెట్టి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. చోటు ఇరుకుగా ఉంటే హ్యాక్సా బ్లేడే మేలు. అంగుళానికి 24 లేదా 32 పళ్ళున్న బ్లేడు పలచని పైపును పట్టేయకుండా కోస్తుంది. కోసిన అంచులను ఆకురాయితో లోపలా బయటా నున్నగా రుద్దాలి.

కొత్త ముక్కను ఎక్కించడానికి సైలెన్సర్ రబ్బర్లు విప్పి, వెనక భాగాన్ని వెనక్కి జరపాలి. ముందు వైపు అతుకులో పాత పైపు కొత్త పైపు లోపల ఉంటుంది కనుక పొగ దారి సాఫీగానే ఉంటుంది. వెనక అతుకులో మాత్రం పొగ పాత పైపు అంచుకు కొట్టుకుంటుంది. లీకు వచ్చేది అక్కడే. కాబట్టి ముందు అతుకును క్లాంపుతో సరిపెట్టినా, వెనక అతుకును వెల్డింగు చేయించడం మంచిది. క్లాంపుల్లో వెడల్పు పట్టీది పైపును చుట్టూ సమానంగా పట్టుకుంటుంది. యూ బోల్టు క్లాంపు చవకే గానీ పైపును నొక్కేస్తుంది, తరువాత విప్పడం కష్టం.

వెంటనే గట్టిగా బిగించకూడదు. రబ్బర్లన్నీ తగిలించి, కింది దిమ్మె తీసేసి, పైపు తన బరువుతో తాను వేలాడేటట్టు వదిలి, బ్రేకు పైపులు, డీజిల్ గొట్టాలు, వైర్లు, స్టెప్నీ టైరు, వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లలో ఏదీ రెండు వేళ్ళ దూరం కంటే దగ్గరగా లేదని చూసుకోవాలి. రబ్బర్లు ఏ పక్కకూ లాగినట్టు ఉండకుండా నిటారుగా దిగాలి. ఒకటి వంకరగా ఉందంటే పైపు ఎక్కడో మెలితిరిగి ఉన్నట్టే. సదిరి, అప్పుడు ముందు నుంచి వెనక్కి ఒక్కో క్లాంపు బిగించుకుంటూ రావాలి. వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి, వెల్డింగ్ మెషిన్ ఎర్తును అతుకుకు దగ్గరలో పైపుకే తగిలించాలి. ఎర్తు ఛాసిస్ మీద దూరంగా ఎక్కడో పెడితే కరెంటు బేరింగుల గుండా, ఎలక్ట్రానిక్ డబ్బాల గుండా పోయే ప్రమాదం ఉంది.

ఇంజన్ స్టార్టు చేసి, పైపు ఇంకా వేడెక్కకముందే ఒకరు తడిగుడ్డతో వెనక పొగ గొట్టాన్ని రెండు మూడు క్షణాలు సగం మూసి పట్టుకుంటే, మరొకరు అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి చూడాలి. బుడగలు లేస్తే అక్కడ లీకు ఉన్నట్టు. ఆ తరువాత బండిని ఒక అరగంట తిప్పి, చల్లారనిచ్చి, క్లాంపులకు మళ్ళీ పానా వేయాలి. వేడికి సాగి చల్లారిన ఇనుము దగ్గర నట్టు అర చుట్టు అయినా తిరుగుతుంది. వారం లోడు తోలాక తెల్లగుడ్డతో అతుకు చుట్టూ తుడిచి చూస్తే, నల్లటి మసి గీత ఉన్న వైపున ఇంకా బిగించవలసి ఉందని తెలుస్తుంది.