అంజూర పండుకు మెడ వాలాలి

మా పెద్దనాన్న బళ్లారి నుంచి బొటనవేలి లావు అంజూర కొమ్మముక్క ఒకటి తెచ్చి, రాయదుర్గంలో మా పెరట్లో గుచ్చిపోయాడు. ఇప్పుడది గోడ దాటింది. మీకూ కావాలంటే మొక్క కొనక్కర్లేదు. ఏడాది ముదిరిన కొమ్మను జానెడు పొడవున, నాలుగైదు కణుపులుండేలా కోయండి. పాలు కారడం ఆగాక, ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన సంచిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి నీడన పెట్టండి. నెలా రెండు నెలల్లో వేరు పడుతుంది. చిగురు ముందే వస్తుంది, అది చూసి పీకి చూడకండి. నేనట్లా రెండు చంపాను.

మన ఎండకు ఇది జంకదు. పాదులో నీళ్లు నిలిస్తే మాత్రం వేరు కుళ్లుతుంది. కాయ పండే వేళ ఒక్కసారిగా తడి ఎక్కువైనా పగులుతుంది. కాపు కొత్త చిగుళ్ల మీద వస్తుంది కాబట్టి అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తాను, వేసవికి పళ్లు అందుతాయి. వానల్లో ఆకు అడుగున తుప్పులాంటి పొడి కనిపిస్తే, రాలిన ఆకులన్నీ ఊడ్చి కాల్చేస్తాను.

అసలు కష్టమంతా కోతలోనే. మొదటి కాపులో మామిడికాయల్లాగా మాగేస్తే సరిపోతుందనుకుని, గట్టికాయలు బుట్టెడు కోసి అనంతపురంలో మా చెల్లెలికి బస్సులో పంపాను. "ఏందన్నా ఇది, బెండు నమిలినట్టుంది" అంది. కోశాక అంజూర మాగదు. రంగు తిరిగినా తొడిమ దగ్గరి మెడ నిటారుగా ఉంటే వదిలేయండి. మెడ మెత్తబడి, పండు కిందికి వాలాలి. తుంచితే తొడిమ నుంచి పాలు కారకూడదు. ఆ పాలు తగిలితే ఒకటే దురద, అందుకే పొడుగు చేతుల చొక్కా. తెల్లారకముందే కోయాలి, లేకుంటే పిట్టలూ ఉడతలూ మిగల్చవు. మా ఆవిడ పాత చీర చింపి కాయలకు సంచులు కుట్టింది.

మేడికి చుట్టం కదా, లోపల పురుగులుంటాయని మా అత్త ఇప్పటికీ విప్పి చూసిగానీ తినదు. మేడికాయ నిలవాలంటే పురుగు లోపలికి దూరాలి, మనం పెంచే అంజూర రకానికి అది దూరకుండానే కాయ నిలుస్తుంది. తొక్కతోనే తినేయండి. దాచాలంటే కడగకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు, అంతే. చెల్లెలికి ఇప్పుడు పంపను, ఫోన్ చేస్తాను. తనే వస్తుంది.

మిగిలినవి ఏప్రిల్ ఎండలో మిద్దె మీద ఎండబెడతాను. రెండు చెక్కలు చేసి, నులకమంచం మీద గుడ్డ పరిచి, కోసిన వైపు పైకి పెట్టి దోమతెర కప్పుతాను. పొద్దుగూకితే లోపలికి తెస్తాను. నాలుగైదు రోజులకు నొక్కినా తడి తేలదు. అంగట్లో దారానికి గుచ్చి అమ్మే ఆఫ్ఘనిస్తాన్ అంజూరలా అందంగా ఉండవు, నల్లగా ముడుచుకుపోతాయి. తీపికేం తక్కువ లేదు. మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం మరవకండి, చీమలు మొదటి రోజే వస్తాయి.