వరద నోటీసు చూపు లేనివారికీ అందాలంటే

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక గ్రామాల వాట్సాప్ గ్రూపులకు ఆ కబురు చాలాసార్లు కాగితాన్ని తీసిన ఫొటోగానే వస్తుంది. టాక్‌బ్యాక్‌తో (తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్‌తో) ఫోన్ వాడేవారికి అది ఉత్త బొమ్మే. ఫొటోతో పాటు అదే విషయం టైపు చేసి పంపండి. అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదే.

తర్వాత చూడాల్సింది అక్షరం. డీటీపీలో వాడే పాత రకం అను ఫాంట్లలో కొట్టిన ఫైలు కంటికి తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్ ఆ లోపలి కోడునే చదువుతుంది కాబట్టి వినేవారికి ఒక్క మాటా అర్థం కాదు. ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే సంగతి తెలిసిపోతుంది. పిచ్చి గుర్తులు వస్తే, తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. కన్వర్టర్‌ను గుడ్డిగా నమ్మొద్దు: ఒత్తులు, ఊళ్ల పేర్లు, అంకెలు ఒక్కొక్కటీ సరిచూడండి. 17.75లో చుక్క ఎగిరిపోతే 1775 అని వినిపిస్తుంది.

వర్డ్‌లో శీర్షికను బోల్డ్ చేస్తే చాలదు, స్టైల్స్‌లో హెడింగ్ 1 పెట్టాలి. కంప్యూటర్ స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో హెచ్ కీ నొక్కుతూ హెడింగ్ నుంచి హెడింగ్‌కు వెళ్లేవారికి అదే దారి. పునరావాస కేంద్రాల పట్టికలో మండలం గడులను కలిపేయకండి, ఏ కేంద్రం ఏ మండలానిదో వినేవారికి తెలియదు. ప్రతి వరుసలోనూ మండలం పేరు మళ్లీ రాయండి.

పవర్‌పాయింట్ స్లైడ్లలో ప్రతిదానికీ వేరే టైటిల్ ఉండాలి, అదీ టైటిల్ పెట్టెలోనే. విడిగా పెట్టిన టెక్స్ట్ బాక్సులు మనం చూసే వరుసలో కాక వేరే వరుసలో వినిపించవచ్చు. రీడింగ్ ఆర్డర్ పేన్‌లో సరిచేయండి. అక్షరానికీ వెనక రంగుకూ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి, తెలుపు మీద పసుపు దానికి దరిదాపుల్లోకి రాదు. 'ఎర్ర రంగు గ్రామాలు ఖాళీ చేయాలి' అనకుండా ఊరి పేరు పక్కనే 'ఖాళీ చేయాలి' అని రాయండి. గ్రాఫ్‌కు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకు బదులు వినిపించే వివరణ) 'గ్రాఫ్' అని కాదు, 'మధ్యాహ్నానికి 11.75 అడుగులు, ఇంకా పెరుగుతోంది' అన్నట్టు ఉండాలి. వీడియో పెడితే బధిరుల కోసం తెలుగు క్యాప్షన్లు తప్పనిసరి.

పీడీఎఫ్‌ను ప్రింట్ దారిలో చేస్తే, ఏది శీర్షికో ఏది పట్టికో స్క్రీన్ రీడర్‌కు చెప్పే ట్యాగులు పోతాయి. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్‌కు టిక్ పెట్టండి. అయినా తెలుగు పీడీఎఫ్‌లలో ఒత్తులు చెదిరిపోవడం మామూలే, అందుకని వర్డ్ ఫైలూ జతచేయండి. యాక్సెసిబిలిటీ చెకర్ తప్పుల్లేవన్నా సరే, పంపే ముందు టాక్‌బ్యాక్ ఆన్ చేసి మొత్తం వినండి; ఆల్ట్ టెక్స్ట్ ఉందో లేదో చెకర్ చూస్తుంది గానీ, అందులో రాసింది నిజమో కాదో చూడదు.