పరుగూ పఠనమూ – 3వ పాఠం: పద్యం చెప్పగలిగినంత వేగం

గత రెండు పాఠాల్లో పరుగుకూ చదువుకూ వేళను, చోటును కుదుర్చుకున్నాం. బూట్లు గుమ్మం పక్కకు చేరాయి, పుస్తకం తలగడ పక్కకు చేరింది, ఫోను ఛార్జరు పడకగది దాటి హాల్లోకి వెళ్లింది. ఈ సర్దుబాట్లు ఇంకా చేయనివారు ముందు అవి పూర్తిచేసుకుని రండి, తొందరేమీ లేదు. చేసినవారిలో చాలామందికి ఈపాటికి ఒక అనుమానం మొదలై ఉంటుంది: అన్నీ అమర్చుకున్నాను, మరి ఉత్సాహం రాదేం?

రాదు. పని మొదలుపెట్టాక గానీ అది రాదు, వచ్చినా ఆ పని ఒళ్లు హూనం చేస్తుంటే నిలవదు. పరుగు మొదలుపెట్టి మానేసినవారిని అడిగి చూడండి. ఎక్కువమంది చెప్పేది ఒకటే: మొదటి రోజు దుమ్ము రేపాను, రెండో రోజు పిక్కలు పట్టేశాయి, మూడో రోజు వర్షం సాకు దొరికింది. చదువు విషయంలోనూ ఇదే వరస. ఎవరో గొప్పదని చెప్పిన ఆరువందల పేజీల నవల తెచ్చుకుని, మొదటి రాత్రి యాభై పేజీలు నమిలి, తర్వాత దానిమీద కళ్లజోడు పెట్టుకుంటారు. ఈ రెంటినీ ఒకే మందుతో నయం చేయవచ్చని నా అభిప్రాయం. ఆ మందు నెమ్మదితనం. ఈ వారం పాఠమంతా దాని గురించే.

ముందు పరుగు. ఇంటినుంచి బయలుదేరి అయిదు నిమిషాలు చురుగ్గా నడవండి. తర్వాత ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక. ఇలా ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో కనీసం ఒక్కో రోజు విరామం ఉండాలి. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్, పరుగంటే తెలియనివారిని తొమ్మిది వారాల్లో అయిదు కిలోమీటర్లకు చేర్చడానికి ఒక పద్ధతి తయారుచేశాడు. అందులో మొదటి వారం ఇదే. లెక్క వేసి చూడండి, ఇరవై నిమిషాల్లో మీరు పరుగెత్తేది ఎనిమిదే నిమిషాలు. ఇంతేనా అనిపిస్తుంది. అనిపించాలి కూడా. ఇంకా పరుగెత్తాలని ఉండగానే ఇంటికి తిరిగి వస్తే ఎల్లుండి బయలుదేరడానికి ఎవరూ బతిమాలనక్కర్లేదు.

ఆ ఒక్క నిమిషం ఎంత వేగంతో పరుగెత్తాలి? చేతికి గడియారం, గుండెకు యంత్రం అక్కర్లేదు. మీకు నోటికి వచ్చిన ఆటవెలది పద్యం ఒకటి ఎంచుకోండి, చిన్నప్పుడు బడిలో బెత్తానికి భయపడి బట్టీ పట్టినదైనా సరే. పరుగెత్తుతూ దాన్ని పైకి చెప్పండి. ఒక్కో పాదం ఒక్క ఊపిరిలో పూర్తయితే మీ వేగం సరిగ్గా ఉంది. పాదం మధ్యలో రెండుసార్లు ఊపిరి అందుకోవలసి వస్తే తగ్గించండి. రాగం తీసి హాయిగా పాడగలుగుతుంటే కాస్త పెంచవచ్చు. శ్రమను మాటతో కొలిచే ఈ పరీక్షను ఆరోగ్య నిపుణులు చాలాకాలంగా సిఫారసు చేస్తూనే ఉన్నారు. వాళ్ల లెక్కలో మాట్లాడగలిగి పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ, నాలుగు మాటలకే ఆగిపోతే తీవ్ర శ్రమ. పద్యాన్ని నేను చేర్చాను. మీలో ఒడిశాలో పెరిగి, ఒడియా బడిలో చదివి పద్యాలు రానివారు ఏడో ఎక్కం చెప్పుకోండి. ఎక్కానికి ఏ భాషైనా ఒకటే.

ఈ వేగంతో వెళ్తుంటే పక్కన చురుగ్గా నడిచే పెద్దాయన మిమ్మల్ని దాటిపోవచ్చు. పోనివ్వండి. పరుగు మొదలుపెట్టిన కొన్ని వారాలకే గుండె, ఊపిరితిత్తులు అలవాటు పడతాయి. కండరాలను ఎముకలకు కట్టి ఉంచే స్నాయువులకు, ఎముకలకు మాత్రం నెలలు పడుతుంది. ఊపిరి బాగానే ఉంది కదా అని మూడో వారంలో వేగం పెంచినవారికి మోకాలి కింద ముందరి ఎముక వెంబడి నొప్పి మొదలయ్యేది అందుకే. అక్కడ బరువుగా, సలుపుగా ఉంటే రెండు మూడు రోజులు నడకతో సరిపెట్టుకోండి. వేలితో నొక్కితే ఒక్క చోటే సూది గుచ్చినట్టుంటే డాక్టరుకు చూపించండి. మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు, ఛాతీలో నొప్పి ఎప్పుడైనా వచ్చినవారు ఆ మాట ముందే డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టాలి. దీనిలో బేరం లేదు.

ఇక దారి. ఒడిశా అంచున పర్లాకిమిడిలో ఉన్నవారు అదృష్టవంతులు. మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రలోని పాతపట్నం, అంటే పొద్దున్నే ఒక రాష్ట్రంలో బయలుదేరి ఇంకో రాష్ట్రంలో తిరిగి ఇంటికి రావచ్చు. ఏటి మీద గాలి బాగుంటుంది. కానీ లారీలు తిరిగే వేళకు వంతెన మీద ఉండకండి, ఎప్పుడూ వాహనాలకు ఎదురుగా కుడిపక్కనే పరుగెత్తండి. మే నెలాఖరున ఇక్కడ ఐదుంబావుకల్లా సూర్యుడు లేస్తాడు. ఆరున్నరకు బయలుదేరితే చెమట తప్ప ఏమీ మిగలదు. జనవరిలో అదే ఆరున్నరకు గానీ తెల్లవారదు, మంచు దిగిన రోజున లేతరంగు చొక్కా వేసుకోండి. రాయగడ, గుణుపురం వైపు ఎత్తుపల్లాలు ఎక్కువ. ఎక్కుడు వచ్చినప్పుడల్లా నడవండి, ఒక నిమిషం పరుగు లెక్కను సమతలం మీద తీర్చుకోండి.

కుక్కల సంగతి ఏ పుస్తకమూ సరిగ్గా రాయదు. కుక్క వెంటపడితే పరుగు ఆపండి, వెనుదిరగకండి, దాని కళ్లలోకి తేరిపార చూడకండి, పక్కకు నడుస్తూ దాని వీధి దాటండి. తన వీధి దాటాక చాలా కుక్కలు వదిలేస్తాయి. కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లాలి.

కుక్కలకన్నా వదలనివి మనుషుల మాటలు. "ఎక్కడికమ్మా ఆ పరుగు, బస్సు పోయిందా?" అని అరుగు మీద కూర్చున్న పిన్నిగారు అడిగినప్పుడు ఆడపిల్లలకు కాలు ముందుకు పడదు. దీనికి నాకు తెలిసిన విరుగుడు తోడు. అక్కనో వదిననో పక్కింటి స్నేహితురాలినో కలుపుకుంటే, పద్యం చెప్పనక్కర్లేకుండా కబుర్లతోనే వేగం పరీక్ష జరిగిపోతుంది. చుడీదారు, ఒక కాన్వాసు జోడు సరిపోతాయి. నెల తిరిగేసరికి ఆ పిన్నిగారే వేళకు రాని రోజున ఏమైందని అడుగుతారు.

ఇప్పుడు పుస్తకం. ఈ ధారావాహిక చదివేవారిలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివినవారని నాకు తెలుసు. మాట గలగల వస్తుంది, అచ్చు చూడగానే కళ్లు తడబడతాయి. వీరికి కూడా అదే మందు: పరుగులో ఊపిరి మీ వేగాన్ని చెప్పినట్టు, చదువులో గొంతు చెబుతుంది. రోజూ పది నిమిషాలు, పైకి చదవండి. వాక్యం చివరి వరకు గొంతు ఆగకుండా వెళ్లిందా, ఆ వేగం మీది. మధ్యలో తడబడితే వాక్యం మొదటికి వచ్చి మళ్లీ చదవండి. మనసులో చదివితే కళ్లు కష్టమైన అక్షరాన్ని చల్లగా దాటేస్తాయి. గొంతు అలా దాటలేదు.

తడబాటు ఎక్కడో కూడా ముందే చెప్పవచ్చు. ఒడియా లిపిలో ఎ, ఏలకు వేర్వేరు గుర్తులు లేవు. ఒ, ఓలకూ లేవు. అందువల్ల మెడ, మేడ, కొన, కోన ఒకేలా కనిపిస్తాయి. మొదటి వారం పెన్సిలు పట్టుకుని ఏత్వం, ఓత్వం ఉన్న ప్రతి అక్షరం కింద చిన్న గీత గీయండి. రెండో చిక్కు ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తుల రూపం అసలు అక్షరాన్ని పోలి ఉండదు. వీటికి పలకా బలపం కన్నా మంచి సాధనం పాతపట్నంలో ఉంది: దుకాణాల బోర్డులు. వంతెన దాటిన తర్వాత మీ నడక ఒకటిన్నర నిమిషంలో ఒక్క బోర్డు చదవండి. "శ్రీ లక్ష్మీ వస్త్రాలయం" అని ఉందనుకుందాం. శ్రీలో ర ఒత్తు. లక్ష్మీలో క కింద ష, దానికింద మ. వస్త్రాలో స కింద త, మళ్లీ ర. ఒక్క బోర్డులో సగం ఒత్తులు అయిపోయాయి. ఊరి పేరులోనే న ఒత్తు ఉంది. బస్సు నుదుట టెక్కలి అని కనిపిస్తే అది క ఒత్తు, పెద్దగా రూపం మారదు కాబట్టి దాన్ని వదిలేయండి. రాయగడవారికి సరిహద్దు కాలినడక దూరంలో లేదు గనుక, పత్రిక శీర్షికలతో ఇదే సాధన చేయాలి.

ఏం చదవాలి అంటే, మీరు మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉన్నది. గ్రాంథికం జోలికి ఇప్పుడు వెళ్లకండి. వాడుక భాషలో పుస్తకాలు రావాలని జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిందీ ఈ కొండల మనుషుల కోసమే. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన పోట్లాడి తెచ్చిన సౌకర్యాన్ని మొహమాటపడకుండా వాడుకోండి. పిల్లల కథలు చదవడానికి సిగ్గుపడేవారు తలుపు వేసుకుని చదవండి.

తిండి గురించి ఈ వారం రెండే మాటలు. పరుగు నుంచి వచ్చాక టీ, బిస్కట్ల బదులు చోడి (రాగి) అంబలి తాగండి. వంద గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు తొలి ఏడు జిల్లాల్లో రాయగడ, పర్లాకిమిడి ఉన్న గజపతి రెండూ ఉన్నాయి, కాబట్టి చోళ్లు దొరకలేదనే సాకు ఇక్కడ చెల్లదు. అంబలిలోకి ఉప్పుచేప నంజుకునేవారు మాత్రం కాస్త చేయి వెనక్కి తీయండి. రోజు మొత్తానికి ఉప్పు అయిదు గ్రాములు, అంటే ఒక టీచెంచా దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు స్థిరపడుతుందని ఎవరైనా చెబితే తల ఊపి ఊరుకోండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అలవాటు ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సుమారు 66 రోజులని తేలింది. మనిషినీ పనినీ బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. అందులో మనకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కనిపించలేదు. రథయాత్ర ఉంటుంది, మేనత్త కూతురి పెళ్లి ఉంటుంది, వాన ఉంటుంది. తప్పిన రోజుకు పరిహారంగా మర్నాడు రెట్టింపు పరుగెత్తకండి. మామూలు ఇరవై నిమిషాలే.

ఈ వారం పని: సోమ, బుధ, శనివారాలు పరుగు, రోజూ రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు పైకి చదవడం. శనివారం పరుగు ముగిశాక ఒక తెలుగు దినపత్రిక కొనండి. సంపాదకీయం ఇప్పుడే వద్దు, జిల్లా పేజీలో ఒకే ఒక్క వార్త గొంతెత్తి చదివి, తడబడిన మాటల కింద గీతలు గీయండి. నాలుగో పాఠంలో ఆ పత్రికతోనే పని ఉంది, కాబట్టి అంతవరకు దాన్ని అటుకుల పొట్లం కట్టడానికి ఎవరికీ ఇవ్వకండి.