చక్కెర ఇంధనం జోలికి పోకుండా రాకెట్టును ఎగరవేయడం ఎలా?

రాకెట్ల మీద ఆసక్తి కలిగిన విద్యార్థులకు చక్కెరతో ఇంధనం చేయవచ్చునన్న సంగతి ఎక్కడో ఒకచోట తెలుస్తుంది. చక్కెర వంటింటి వస్తువు కావడంతో ఆ పని కూడా వంటింట్లో చేసుకోదగినదే అనిపిస్తుంది. అయితే చక్కెరకు ఆక్సిజన్‌ను అందించే లవణం ఆ మిశ్రమంలోనే ఉంటుంది కనుక మండడానికి దానికి బయటి గాలితో పని లేదు. అది ఒకసారి అంటుకుంటే మూత పెట్టో ఇసుక చల్లో ఆర్పడం సాధ్యం కాదు. గట్టిపడిన ఇంధనంలో సన్నని పగులు ఉన్నా, మండే ఉపరితలం ఒక్కసారిగా పెరిగి, ఇంధనం నింపిన గొట్టంలో పీడనం హద్దు దాటి ఆ గొట్టం బద్దలవుతుంది. పైగా పేలుడు పదార్థాల తయారీకి 1884 నాటి చట్టం, 2008 నాటి నియమావళి ప్రకారం లైసెన్సు ఉండి తీరాలి. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని పెద్దకందుకూరులో క్షిపణులకు ఘన ఇంధనం తయారవుతున్నదంటే, అది అనుమతులతో, శిక్షణ పొందిన వారి చేతుల మీదుగా జరుగుతున్న పని.

నిజానికి ఔత్సాహికులు నేర్చుకోవలసిన విద్యలో ఇంధనం చిన్న భాగమే. రాకెట్టు నిటారుగా ఎందుకు పోతుంది, ఎందుకు మధ్యలో పల్టీ కొడుతుంది అన్నదే అసలు ప్రశ్న, దానికి నీరు, గాలి, ఒక శీతల పానీయం సీసా సరిపోతాయి.

సీసా ఎంపిక

గ్యాసు పానీయం వచ్చే 2 లీటర్ల ప్లాస్టిక్ సీసానే తీసుకోవాలి. తాగునీటి సీసాలు పలుచగా ఉండి పీడనాన్ని ఓర్చుకోలేవు. గ్యాసు పానీయం సీసాలనైతే లోపలి పీడనాన్ని తట్టుకునేటట్లే తయారు చేస్తారు. గీతలు, నొక్కులు ఉన్నదాన్ని పక్కన పెట్టాలి. తక్షణం అతికించే జిగురు, వేడి జిగురు సీసా గోడను బలహీనపరుస్తాయి కనుక అతుకులన్నీ వెడల్పాటి ప్యాకింగ్ టేపుతోనే వేయాలి. మన ఎండాకాలంలో సీసాను ఎండలో గానీ, మూసిన కారులో గానీ వదలకూడదు. వేడికి ఈ ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

రెక్కలు, ముక్కు

ఎగిరేటప్పుడు సీసా మూతి కిందికి ఉంటుంది. ఆ మూతి వైపున, ఫ్లెక్సీ దుకాణాల్లో దొరికే సన్‌బోర్డుతో కోసిన మూడు రెక్కలను సమాన దూరంలో అతికించాలి. నాలుగైనా తప్పు లేదు గానీ బరువు పెరుగుతుంది. మరో సీసా పైభాగాన్ని కోసి, అందులో ఎనభై తొంభై గ్రాముల బంకమన్నును పాత గుడ్డలో చుట్టి పెట్టి, కొనన మెత్తని రబ్బరు బంతిని బిగించి ముక్కుగా తొడగాలి. కొనన ఇనుము గానీ కర్ర గానీ ఉండరాదు.

తరువాతి పరీక్షను చాలామంది వదిలేస్తారు, ఎక్కువ రాకెట్లు చెడేది అక్కడే. ఖాళీ రాకెట్టును వేలి మీద అడ్డంగా నిలిపి, అది తూగే చోట గుర్తు పెట్టండి, అది గరిమనాభి. తరువాత రాకెట్టు పక్క ఆకారాన్ని అట్ట మీద గీసి, కోసి, ఆ అట్ట తూగే చోటును కూడా గుర్తించండి. గాలి ఒత్తిడి కేంద్రం, అంటే ఎగిరేటప్పుడు పక్కనుంచి గాలి తోపు మొత్తం పడినట్టుండే చోటు, సుమారుగా అక్కడ ఉన్నదని భావించవచ్చు. మొదటి గుర్తు రెండవదానికంటే కనీసం ఒక సీసా వ్యాసమంత, అంటే దాదాపు 11 సెంటీమీటర్లు, ముక్కు వైపు ఉండాలి. లేకపోతే మన్ను పెంచండి, లేదా రెక్కలను పెద్దవి చేయండి. గరిమనాభి దగ్గర తాడు కట్టి తల చుట్టూ తిప్పినప్పుడు ముక్కు ముందుండి సాగితే రాకెట్టు సిద్ధమైనట్టే.

గాలి ఎక్కించే ఏర్పాటు

ప్రయోగశాల సామాను అమ్మే చోట రంధ్రం ఉన్న రబ్బరు బిరడా దొరుకుతుంది. సీసా మూతిలో మూడో వంతు దిగి బిగుసుకునే కొలత కావాలి. ఆ రంధ్రంలో ఇత్తడి నాజిల్ దూర్చి, పొలానికి మందు కొట్టే పవర్ స్ప్రేయర్ పైపును 5 మీటర్లు తగిలించి క్లిప్పు బిగించాలి. పైపు రెండో కొసకు, పంచర్ దుకాణంలో అడిగి తెచ్చుకున్న మోటారు సైకిల్ ట్యూబు వాల్వును అమర్చాలి. వాల్వు బిరడాలో కాక ఇటు ఎందుకంటే, రాకెట్టు లేవకుండా మొరాయించినప్పుడు దాని దగ్గరికి వెళ్లకుండానే వాల్వు పిన్ను నొక్కి గాలి తీసేయవచ్చు.

బిరడాను ఒక పలక మధ్యన చేసిన రంధ్రంలో నిలబెట్టి, పలకను ఇటుకల మీద ఉంచి, సీసా పక్కకు ఒరగకుండా చుట్టూ మూడు నున్నని కర్రలు పాతితే వేదిక పూర్తవుతుంది.

ఎగరవేయడం

యాసంగి కోతలైన వరి పొలం, ఎండిన చెరువు శిఖం, ఊరి బయటి మైదానం ఇందుకు అనువైనవి. బోరు మోటార్లకు పోయే కరెంటు తీగలు, మేసే గొర్రెల మందలు దగ్గరలో లేకుండా చూసుకోవాలి. తాటిచెట్టు మట్టల్లో చిక్కిన రాకెట్టును దింపడానికి ఎవరినీ ఎక్కించకండి. గాలి నెమ్మదిగా ఉండే తెల్లవారుజాము మేలైన వేళ.

సీసాలో 600 నుంచి 700 మిల్లీలీటర్ల నీరు పోయాలి. నీరు తక్కువైతే వెనక్కి చిమ్మడానికి ద్రవ్యరాశి చాలదు, ఎక్కువైతే గాలికి చోటు మిగలదు. బిరడాను తిప్పుతూ దిగ్గొట్టి సీసాను తలకిందులుగా నిలపాలి. కొంత నీరు పైపులోకి జారుతుంది, పంపు తొక్కగానే తిరిగి పైకి పోతుంది. చూసేవారందరినీ 15 మీటర్ల అవతల నిలబెట్టి, పంపు తొక్కేవారు కళ్లద్దాలు పెట్టుకుని, మీటరున్న కాలిపంపుతో గాలి ఎక్కించాలి. పట్టు తప్పినప్పుడు బిరడా దానంతటదే ఊడి, నీటిని కిందికి చిమ్ముతూ రాకెట్టు పైకి లేస్తుంది. 3 బార్లు, అంటే సుమారు 45 పీఎస్ఐ దాటినా ఊడకపోతే తొక్కడం ఆపి, గాలి తీసి, బిరడాను కాస్త వదులుగా బిగించి మళ్లీ ప్రయత్నించాలి. అలాంటప్పుడు సీసా మీదికి వంగి చూడడం ఈ పని మొత్తంలో అత్యంత ప్రమాదకరమైన తప్పు.

రాకెట్టు లేచింది మొదలు నేలను తాకే దాకా పట్టిన సెకన్లను లెక్కించి, ఆ సంఖ్య వర్గాన్ని 1.2తో గుణిస్తే ఎత్తు మీటర్లలో సుమారుగా వస్తుంది. 4 సెకన్లయితే దాదాపు 19 మీటర్లన్నమాట. నీటి కొలతను 100 మిల్లీలీటర్ల చొప్పున మారుస్తూ ఈ లెక్కను పట్టిక వేస్తే, మీ సీసాకు సరైన కొలత తేలుతుంది. ప్రతిసారీ తిరిగి నింపే ముందు సీసాను వెలుతురుకెత్తి చూడండి. తెల్లని చారలు కనబడితే దాన్ని కోసి పారేసి కొత్తది వాడాలి.