ఫ్యాబ్-ఐ ఎంజైమ్‌ని బట్టీ పట్టకుండా చదివేదెలా

నల్గొండలోనో పాలమూరులోనో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతూ, ఫ్యాటీ యాసిడ్ సింథసిస్, అంటే కొవ్వు ఆమ్లాల తయారీ అనగానే టెన్షన్ పడేవాళ్ల కోసం రాస్తున్నా. బ్యాక్టీరియాలో ఆ తయారీ చేసే ఎంజైమ్‌ల పేర్లు ‘ఫ్యాబ్’ అని మొదలవుతాయి, ఒక్కో రౌండులో ఆఖరి పని చేసేది ఫ్యాబ్-ఐ. ఫ్యాబ్-ఎ, ఫ్యాబ్-బి అని అక్షరాల వరుసలో మాత్రం చదవకండి, ఆ వరుసకీ పని జరిగే వరుసకీ సంబంధమే లేదు.

ముందు పోచంపల్లి చీరను తలుచుకోండి. ఆసు పోసేది ఒకరు, చిటికి కట్టేది ఒకరు, రంగులద్దేది ఇంకొకరు, మగ్గం మీద కూర్చునేది మరొకరు. నూలు చేతులు మారుతూ పోతుంది. బ్యాక్టీరియాలోనూ అంతే, ఒక్కో పనికి విడి ఎంజైమ్, తయారవుతున్న కార్బన్ల గొలుసును మోసుకు తిరిగేది ఏసీపీ అనే చిన్న ప్రొటీన్. మన ఒంట్లో ఈ పనులన్నీ ఒకే పెద్ద ప్రొటీన్ చేసేస్తుంది.

ఇక తెల్లకాగితం తీసి ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో జరిగేది గీయండి. రెండు కార్బన్ల ఎసిటైల్‌ని ఫ్యాబ్-హెచ్ మలోనిల్-ఏసీపీకి (ఏసీపీ మోస్తున్న మూడు కార్బన్ల ముక్కకి) అతికిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి నాలుగు కార్బన్ల గొలుసు మిగులుతుంది, అందులోని కీటోని ఫ్యాబ్-జి హైడ్రాక్సిల్ చేస్తుంది, ఫ్యాబ్-జడ్ నీళ్లు తీసేసి డబుల్ బాండ్ తెస్తుంది, దాన్ని సింగిల్ చేసేదే మన ఫ్యాబ్-ఐ. రెండో రౌండు నుంచి అతికించే పని ఫ్యాబ్-బి, ఫ్యాబ్-ఎఫ్‌లది. 16 కార్బన్ల పామిటిక్‌కి 7 రౌండ్లు.

బాణాల పక్కన ఫ్యాబ్-జికి ఎన్ఏడీపీహెచ్, ఫ్యాబ్-ఐకి ఎన్ఏడీహెచ్ అని రాసుకోండి, ఆ ఎంజైమ్‌ల పనికి ఎలక్ట్రాన్లు అందించే అణువులు ఇవి. వైవాలో నేను రెండిటికీ ఎన్ఏడీపీహెచ్ అనేసి, ఎగ్జామినర్ ముఖం చూశాక గానీ తప్పు తెలుసుకోలేదు. ల్యాబ్‌లో ఈ ఎంజైమ్‌ని కొలిచేదీ దీనితోనే: ఎన్ఏడీహెచ్ 340 నానోమీటర్ల దగ్గర వెలుగును పీల్చుకుంటుంది, ఖర్చయ్యేకొద్దీ రీడింగ్ పడిపోతుంది.

ఫ్యాబ్-జడ్ చర్య ముందుకీ వెనక్కీ నడుస్తుంది, ఫ్యాబ్-ఐ అటు నుంచి లాగేస్తేనే రౌండు పూర్తవుతుంది. దీన్ని ఆపితే బ్యాక్టీరియాకి పొర కట్టుకోవడానికి సరుకు ఉండదు, మందులవాళ్ల కన్ను దీనిమీద పడింది అందుకే. టీబీ క్రిమిలో ఇదే పని చేసే ఎంజైమ్ పేరు ఇన్హెచ్ఏ. 1952 నుంచి వాడుతున్న ఐసోనియాజిడ్ బిళ్ల దెబ్బ కొట్టేది దాన్నే, కానీ నేరుగా కాదు. ముందు ఆ క్రిమిదే అయిన క్యాట్-జి ఎంజైమ్ మందుని మేల్కొల్పాలి, క్యాట్-జి చెడిపోతే మందు పారదు. ట్రైక్లోసాన్ అనే క్రిములను చంపే రసాయనం అలా కాదు, నేరుగా ఫ్యాబ్-ఐనే పట్టేస్తుంది. మరి న్యుమోనియా తెచ్చే స్ట్రెప్టోకాకస్ మీద అది ఎందుకు పనిచేయదని అడిగితే జవాబు ఒక్క ముక్క: దానికి ఫ్యాబ్-ఐ లేదు, ఆ చోట అదే పని చేసే వేరే ఎంజైమ్ ఫ్యాబ్-కె ఉంది.