ఫార్మాట్ కొట్టే కుర్రాడు ఏం కాపీ చేస్తాడు? – సాఫ్ట్‌వేర్ తన ఫైళ్లు ఎక్కడ పెట్టాలంటే

ఉండేది విజయనగరంలో. పలాస, కాశీబుగ్గ వైపు జీడిపప్పు వ్యాపారులకూ, ఇటు మా చుట్టుపక్కల ఎరువుల షాపులకూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. నాలాగే చిన్న కొట్లకు ప్రోగ్రాములు రాసేవాళ్లు, కాలేజీలో ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు ఎక్కువగా అడిగే సందేహం ఒకటుంది. "డేటా ఫైల్ ఏ ఫోల్డర్‌లో పెట్టాలి మేడమ్?" పుస్తకంలో జవాబు యాప్‌డేటా, అంటే ఒక్కో యూజర్‌కూ విడిగా విండోస్ ఇచ్చే ఫోల్డర్. అది తప్పు కాదు గానీ, సగమే ఒప్పు.

నేనైతే ముందు ఇది ఆలోచించమంటాను. సిస్టమ్ స్లో అయిందని ఓనరు దాన్ని సర్వీస్ కుర్రాడి చేతిలో పెడతాడు. కొట్టు వదిలి తను వెళ్లడు, కుర్రాడే బండి మీద పట్టుకుపోతాడు. ఫార్మాట్ కొట్టే ముందు ఆ కుర్రాడు ఏం కాపీ చేస్తాడు? డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఫొటోలు. డీ డ్రైవ్ ఉంటే దాన్ని ముట్టుకోడు. అక్కడితో సరి. యాప్‌డేటా, యూజర్లందరికీ ఉమ్మడిగా ఉండే ప్రోగ్రామ్‌డేటా, రెండూ విండోస్ దాచిపెట్టే ఫోల్డర్లు. మామూలుగా చూస్తే కనపడవు, కనపడనిదాన్ని ఎవరూ కాపీ చేయరు. అందులో తప్పు కుర్రాడిది కాదు, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక చాలా కొట్లు సిస్టమ్‌లు మారుస్తున్నాయి కాబట్టి, ఈ సంగతి ఇప్పుడు పట్టించుకోకపోతే మరెప్పుడూ పట్టించుకోరు.

పోతే ఏమవుతుందో చూసి విడగొట్టండి

ప్రోగ్రామ్ రాసే ఫైళ్లన్నిటినీ ఒక్కచోట కుక్కొద్దు. ఒక్కో ఫైల్ గురించీ "ఇది పోతే ఏమవుతుంది?" అని అడగండి. జీడిపప్పు వ్యాపారినే తీసుకుందాం. ఏ రైతు దగ్గర ఎన్ని 80 కేజీల పిక్కల బస్తాలు తీసుకున్నారు, ఎవరికెంత బాకీ, ఏ పార్టీకి ఎంత పప్పు వెళ్లింది అన్న లెక్కలు పోతే కొంప మునుగుతుంది. 240 గ్రేడుకీ 320 గ్రేడుకీ నిన్నటి రేటు, ప్రింటర్ పేరు, బిల్లు మీద లోగో లాంటి సెట్టింగ్స్ పోతే అరగంట చిరాకు. తెర మీద త్వరగా చూపించడానికి ముందే తయారుచేసి పెట్టుకున్న రిపోర్టులు (దీన్నే క్యాష్ అంటాం) పోతే ఎవరికీ ఏమీ కాదు, మళ్లీ తయారవుతాయి. ఇక ఎర్రర్లు రాసుకునే లాగ్ ఫైల్ నాకు తప్ప ఎవరికీ అక్కర్లేదు.

చివరి మూడింటి సంగతి సులువు. సెట్టింగ్స్‌ను యాప్‌డేటాలోని రోమింగ్‌లో పెట్టండి. క్యాష్‌నీ లాగ్‌నీ యాప్‌డేటాలోని లోకల్‌లో పెట్టండి. రెండు చోట్లా మీ సంస్థ పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల ప్రోగ్రామ్ పేరుతో ఒక ఫోల్డర్ చేసుకోవాలి. రోమింగ్ అన్న పేరు చూసి అది తనంతట తనే క్లౌడ్‌కి పోతుందని కొందరు ధీమాగా ఉంటారు. పోదు. పెద్ద ఆఫీసుల్లో సర్వర్‌కి కట్టిన నెట్‌వర్క్‌లో, అక్కడి అడ్మిన్ ఆ ఏర్పాటు చేస్తేనే అది యూజర్ వెంట ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి వెళుతుంది. కాశీబుగ్గ కొట్లో అది మామూలు ఫోల్డరే.

తలనొప్పంతా లెక్కల ఫైల్‌తోనే.

ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మాత్రం వద్దు

కాశీబుగ్గలో ఒక వ్యాపారి దగ్గర ఎప్పుడో ఎవరో రాసిచ్చిన పాత సాఫ్ట్‌వేర్ ఉండేది. డేటాబేస్ ఫైల్‌ను ప్రోగ్రామ్ పక్కనే, సీ డ్రైవ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టేశారు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అందరూ అడ్మిన్‌గానే లాగిన్ అయ్యేవారు కాబట్టి చెల్లిపోయింది. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి సపోర్ట్ ముగిశాక కొత్త సిస్టమ్ కొన్నారు. ఓనరుకో లాగిన్, గుమస్తాకో లాగిన్. కొన్నాళ్లకు ఆయన నాకు ఫోన్ చేశారు. "అమ్మా, ఈడు రోజంతా బిల్లులు కొట్టేనంటాడు, నాకు ఒక్కటీ కనపడదు. ఏటి సంగతి?"

గుమస్తా నిజమే చెబుతున్నాడు. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టా నుంచి విండోస్ మామూలు యూజర్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయనివ్వదు. అలా అని పాత 32 బిట్ ప్రోగ్రామ్ అక్కడ రాయబోతే ఎర్రర్ కూడా ఇవ్వదు. ఆ యూజర్ యాప్‌డేటాలో, లోకల్ కింద వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్ చేసి, ఫైల్ నకలు అక్కడ పెట్టి, "రాసేశాను" అని చెప్పేస్తుంది. గుమస్తా లెక్కలు గుమస్తా వర్చువల్‌స్టోర్‌లో, ఓనరు లెక్కలు ఓనరు దాంట్లో. ప్రోగ్రామ్ ఒకటే, ఖాతాలు రెండు. ఆ రెంటినీ కలపడం ఎంత పనో అనుభవిస్తే గానీ తెలీదు. బిల్లు నంబర్లు కూడా రెండుసార్లు వచ్చేశాయి మరి.

మీరు పాత ప్రోగ్రామ్‌ను బాగుచేస్తుంటే ముందు ప్రతి యూజర్ వర్చువల్‌స్టోర్ తెరిచి చూడండి. కొత్తగా రాస్తుంటే, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఇన్‌స్టాలర్ తప్ప ఎవరూ ఏమీ రాయకూడదని నియమం పెట్టుకోండి.

నడుస్తున్న ఫైల్ ఒకచోట, నకలు ఇంకోచోట

సిస్టమ్ ఒక్కరే వాడితే లెక్కల డేటాబేస్ యాప్‌డేటా లోకల్‌లో ఉండొచ్చు. ఇద్దరు వేర్వేరు లాగిన్లతో అవే లెక్కలు చూడాలంటే సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌డేటా సరైన చోటు. అయితే ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది దీని దగ్గరే పడతారు. ప్రోగ్రామ్‌డేటాలో మామూలు యూజర్ ఎవరైనా కొత్త ఫైల్ చేయొచ్చు, ఎదుటివాళ్ల ఫైల్ చదవొచ్చు. కానీ ఎదుటివాళ్లు చేసిన ఫైల్‌లో మార్పులు చేయలేరు. ఓనరు మొదట తెరిచి డేటాబేస్ పుట్టిస్తే, గుమస్తాకు అది చదవడానికి మాత్రమే వస్తుంది. బిల్లు సేవ్ కొట్టగానే ఎర్రర్. అందుకని ఇన్‌స్టాలర్ నడిచేటప్పుడే మీ ఫోల్డర్‌కు యూజర్స్ అందరికీ మోడిఫై పర్మిషన్ ఇప్పించాలి. ఇన్‌స్టాలర్ తయారీకి ఇన్నో సెటప్ వాడేవాళ్లకు డర్స్ సెక్షన్‌లో పర్మిషన్స్ దగ్గర యూజర్స్-మోడిఫై అని ఒక్క ముక్క రాస్తే పని అయిపోతుంది. ప్రోగ్రామ్‌డేటా మొత్తానికి ఇచ్చేయకండి, మీ ఫోల్డర్ వరకే.

"మరి అదీ దాచిన ఫోల్డరే కదా, కుర్రాడికి కనపడదు కదా?" అంటారు. అవును. అందుకే నకలు. ప్రోగ్రామ్ మూసే ప్రతిసారీ డేటాబేస్‌కు పూర్తి నకలు తీసి డాక్యుమెంట్స్‌లో పెడతాను. ఫోల్డర్ పేరు తెలుగులోనే: "జీడి లెక్కలు – తీసేయొద్దు". విండోస్‌కు తెలుగు పేరుతో ఇబ్బంది లేదు, కుర్రాడికి అంతకంటే లేదు. ఫైల్ పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు వేయండి, వరసలో అవే సర్దుకుంటాయి. ఒక నెల రోజులవి, ఆపైన నెలకొకటి చొప్పున ఉంచి మిగతావి ప్రోగ్రామే తీసేయాలి. లేదంటే డిస్క్ నిండిపోయి ఆ నింద మీ మీదకే వస్తుంది. అదే ఫోల్డర్‌లో రిస్టోర్ ఎలా చేయాలో నాలుగు లైన్ల టెక్స్ట్ ఫైల్ ఒకటి పడేయండి.

అసలు డేటాబేస్‌నే డాక్యుమెంట్స్‌లో పెట్టేస్తే పోలేదా అంటే, వన్‌డ్రైవ్ వల్ల వద్దంటాను. కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ చాలాసార్లు వన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోయి ఉంటాయి. చిన్న ప్రోగ్రాముల్లో ఎక్కువగా వాడే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను వాల్ పద్ధతిలో (మార్పులను ముందు పక్క ఫైల్‌లో రాసుకునే పద్ధతి) నడిపితే పని జరుగుతున్నంతసేపూ పక్కన ఇంకో రెండు ఫైళ్లు ఉంటాయి. ఇప్పుడే కొట్టిన బిల్లు అసలు ఫైల్‌లోకి చేరకుండా పక్క ఫైల్‌లోనే ఉండొచ్చు. ఈ మూడూ ఒక్కటన్న సంగతి వన్‌డ్రైవ్‌కి తెలీదు. ఒక్కో ఫైల్‌ను ఒక్కో సమయంలో పైకి పంపుతుంది, రేపు దించుకుంటే ఒకదానికొకటి పొసగవు. అదే కారణంతో నకలు తీసేటప్పుడు ఫైల్‌ను ఊరికే కాపీ కొట్టొద్దు. ఎస్‌క్యూలైట్‌లో 2019లో వచ్చిన 3.27 నుంచి వాక్యూమ్ ఇన్‌టు అనే కమాండ్ ఉంది. అది తాజా బిల్లుతో సహా ఒకే ఫైల్‌గా నకలు ఇస్తుంది. ఆ ఫైల్ వన్‌డ్రైవ్‌కి పోతే మంచిదే, ఉచితంగా వచ్చే 5 జీబీలో చిన్న కొట్టు లెక్కలు ఎన్ని ఏళ్లవైనా పడతాయి.

డీ డ్రైవ్ గురించి ఒక మాట. మనవైపు "డీలో పెట్టండి, సేఫ్" అన్నది బాగా నాటుకుపోయింది. ఒకే డిస్క్‌ను రెండు ముక్కలు చేస్తే వచ్చేదే ఆ డీ. డిస్క్ పోతే రెండూ పోతాయి. పైగా ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలా వాటిలో సీ ఒక్కటే ఉంటుంది, పెన్‌డ్రైవ్ పెడితే అదే డీ అయి కూర్చుంటుంది. కోడ్‌లో డీ అని రాశారో, పెన్‌డ్రైవ్ తీసిన రోజు లెక్కలు మాయం.

దారి మీరు రాయొద్దు, విండోస్‌ను అడగండి

సీ డ్రైవ్, యూజర్స్, ఆపైన యూజర్ పేరు, ఆపైన డాక్యుమెంట్స్ అని కోడ్‌లో అతికించి రాసేవాళ్లను చాలామందిని చూశాను. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్ చేసిన సిస్టమ్‌లో ఆ ఫోల్డర్ పేరు మెయిల్ ఐడీలోని మొదటి ఐదు అక్షరాలు అవుతుంది, మనిషి పేరు కాదు. డాక్యుమెంట్స్ ఏమో వన్‌డ్రైవ్ లోపల ఉండొచ్చు. డాట్‌నెట్‌లో ఎన్విరాన్‌మెంట్ కింద గెట్‌ఫోల్డర్‌పాత్ ఉంది. దానికి మైడాక్యుమెంట్స్, కామన్‌అప్లికేషన్‌డేటా, లోకల్‌అప్లికేషన్‌డేటా అని ఏది కావాలో చెబితే ఆ సిస్టమ్‌లో నిజంగా ఉన్న దారి ఇస్తుంది. పైథాన్ వాళ్లకు ప్లాట్‌ఫామ్‌డర్స్ అనే లైబ్రరీ ఉంది. లినక్స్, మ్యాక్ మీద కూడా అదే సరైన చోటు చెబుతుంది.

లినక్స్‌లో ఇదంతా పద్ధతిగా ఉంటుంది. ఎక్స్‌డీజీ అనే ఒప్పందం ప్రకారం సెట్టింగ్స్ హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్‌లో, డేటా డాట్ లోకల్ కింద షేర్‌లో, పోయినా ఫర్వాలేనివి డాట్ క్యాష్‌లో. లాగ్‌లకూ హిస్టరీకీ డాట్ లోకల్ కింద స్టేట్ అని 2021లో వేరే చోటు కూడా ఇచ్చారు. మ్యాక్‌లో అయితే లైబ్రరీ ఫోల్డర్‌లోని అప్లికేషన్ సపోర్ట్.

ఆండ్రాయిడ్ యాప్ రాస్తుంటే ఒకటి గుర్తుంచుకోండి. యాప్ సొంత స్టోరేజ్‌లో పెట్టినవన్నీ, యాప్ తీసేయగానే దాంతోపాటే పోతాయి. "ఫోన్ స్లో అయింది" అని షాపుకి వెళితే, క్లియర్ క్యాష్ నొక్కాల్సినచోట క్లియర్ డేటా నొక్కేసే మహానుభావులూ ఉంటారు. గూగుల్ ఆటో బ్యాకప్ ఉంది గానీ అది యాప్‌కు 25 ఎంబీ వరకే. లెక్కల నకలు ఎక్కడ పెట్టాలో ఫైల్ పికర్ చూపించి యూజర్‌నే ఎంచుకోమనండి.

కరెంటు పోతే

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అంత దాకా ఎందుకు, మామూలు రోజు కూడా యూపీఎస్ బ్యాటరీ ముసలిదైతే సేవ్ మధ్యలో సిస్టమ్ ఆరిపోతుంది. డేటాబేస్ దీన్ని తట్టుకుంటుంది. మీరు సొంతంగా రాసే సెట్టింగ్స్ ఫైల్ తట్టుకోదు, సగమే రాసి ఆగిపోతుంది, లేదా సున్నా బైట్లతో మిగులుతుంది. పాత ఫైల్ మీదే రాయకండి. అదే ఫోల్డర్‌లో కొత్త పేరుతో పూర్తిగా రాసి, డిస్క్ మీదకు ఫ్లష్ చేసి, ఆ తర్వాత డాట్‌నెట్‌లోని ఫైల్ రీప్లేస్‌తో పాతదాని స్థానంలో పెట్టండి. టెంప్ ఫోల్డర్‌లో రాసి తేవడం వద్దు. అది వేరే డ్రైవ్‌లో ఉంటే పేరు మార్చినట్టు ఒక్క క్షణంలో కాదు, మళ్లీ కాపీయే జరుగుతుంది.

ఇంకో రెండు చిన్న పనులు. అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు లెక్కలు తీసేయొద్దు. తీసేయాలా అని అడిగినా, ముందే టిక్ పెట్టి అడగొద్దు. హెల్ప్ మెనూలో "నా లెక్కలు ఎక్కడున్నాయి?" అని ఒక బటన్ పెట్టి, నొక్కితే ఆ ఫోల్డర్ తెరుచుకునేలా చేయండి. దాచిన ఫోల్డర్ తెరిపించడానికి ఫోన్లో "విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, శాతం గుర్తు కొట్టండి..." అని పలాస దాకా అరిచే బాధ నాకు దాంతోనే తప్పింది.

ఇక ఇచ్చేముందు పరీక్ష. మీ సిస్టమ్‌లో అడ్మిన్ కాని కొత్త యూజర్‌ను తెలుగు పేరుతో తయారుచేయండి. ఆ లాగిన్‌తో ఒక బిల్లు కొట్టి, మీ లాగిన్‌లోకి వచ్చి అది కనపడుతుందో, దాన్ని మార్చగలరో చూడండి. తర్వాత డాక్యుమెంట్స్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి, వేరే సిస్టమ్‌లో ప్రోగ్రామ్ కొత్తగా వేసి, ఆ నకలుతో రిస్టోర్ కొట్టండి. ఆ బిల్లు అక్కడ తెరుచుకుంటే సాఫ్ట్‌వేర్ ఇచ్చేయొచ్చు, బ్యాలెన్స్ డబ్బులు అడగొచ్చు.