ఆడవాళ్లకి సైకిల్ సీటు నొప్పి: కొలత తీసి సరిచేసుకున్న పద్ధతి

పాలకొల్లు, నరసాపురం వైపు కాలువగట్ల మీద సైకిల్ తొక్కే ఆడవాళ్లు చాలామంది అడిగేది ఇదే. అరగంట దాటేసరికి సీటు ముక్కు ఒరుసుకుని మంట, ఆపైన తిమ్మిరి. జెల్ కవరు, మందపాటి స్పాంజి సీటు, స్ప్రింగుల సీటు ఏవీ నాకు పనిచేయలేదు. మరీ మెత్తటి సీటులో పిరుదుల కింద మన బరువు మోసే రెండు ఎముకలు దిగబడిపోతాయి, నడిమి స్పాంజి ఉబికి సున్నితమైన చోట ఒత్తుతుంది.

తేల్చింది సీటు వెడల్పు. అది ఆ రెండు ఎముకల మధ్య దూరాన్ని బట్టి ఉండాలి. గట్టి చెక్క స్టూలు మీద అట్టపెట్టె ముక్క పరిచి, పల్చటి బట్టలతో కూర్చుని, మడమలు కాస్త ఎత్తి ఒక నిమిషం ఉండాలి. లేచి అట్టను వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ఆ ఎముకలు ఆనిన చోట రెండు గుంటలు కనపడతాయి. సరిగా తెలియకపోతే సుద్దముక్కని పడుకోబెట్టి పైపైన రుద్దండి, గుంటల్లో మాత్రం తెలుపు అంటదు. ఒకదాని నడుమ నుంచి రెండోదాని నడుమకి కొలిస్తే నాకు 130 మిల్లీమీటర్లు వచ్చింది. నిటారుగా కూర్చునే లేడీస్ సైకిల్ కాబట్టి ఇంకో 30 కలిపి, 160 వెడల్పున్న, నడిమి గాడి ఉన్న గట్టి సీటు తీసుకున్నాను.

ముందు ఎత్తు చూడాలి: పెడల్ కిందికొచ్చినప్పుడు మడమ దాని మీద ఆని కాలు నిటారుగా రావాలి. ఇంకా ఎత్తయితే నడుము అటూ ఇటూ ఊగి ఒరుపు మళ్లీ మొదలవుతుంది. తర్వాత సీటు కింద నట్లు పానాతో వదులు చేసి, సమంగా ఉన్న సీటు ముక్కుని బిగింపులో ఉండే పళ్లలో ఒక్క పన్ను మేర దించి, రెండు వైపులా బిగించాలి. ఎక్కువ దించితే ముందుకు జారి బరువంతా మణికట్టు మీద పడుతుంది.

ముందుకు వంగి తొక్కే గేరు సైకిళ్లకి ఇంత వెడల్పు తొడలకి తగలొచ్చు, 10–20 కలిపితే చాలేమో. పుండు పడినా, సైకిల్ దిగిన తర్వాత కూడా తిమ్మిరి తగ్గకపోయినా డాక్టరుకి చూపించండి.